పాపకూ దూడకూ జియార్డియా: రెండూ ఒకటేనా, దూడను అమ్మేయాలా?

అమ్మా, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను. మీది కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున పల్లె. నాలుగేళ్ళ పాపకు విరేచనాలు, కడుపుబ్బరం, బరువు పెరగకపోవడం. పర్లాకిమిడిలో మోషన్ టెస్ట్ చేయిస్తే జియార్డియా అన్నారు. మందు వాడాక తగ్గి, రెండు నెలలకు మళ్ళీ మొదలైంది. ఈలోగా రెండు నెలల దూడ పారుకుంటోందని పేడ పరీక్ష చేయిస్తే అందులోనూ జియార్డియానే. దూడను సంతకు తోలేయమని అత్తగారు, కుక్కను కూడా ఇంటి చుట్టుపక్కల ఉండనివ్వొద్దని మీవారు. ఇది మనుషులకూ పశువులకూ ఉమ్మడిగా వచ్చే పరాన్నజీవి అని ఒకచోట చదివారు, జన్యువుల్ని బట్టి రకాలు వేరని మరోచోట చదివారు. ఏది నమ్మాలో తెలియడం లేదు.

రెండూ నిజమే. అయినా నా సలహా: దూడను అమ్మకండి, కుక్కను తరమకండి. పశువుల ల్యాబుల్లో పేడ స్లైడ్లు చూస్తూ ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి పశువుల పక్షం వహిస్తున్నానని అనుకోవచ్చు. కారణాలు చదివాక మీరే చెప్పండి.

ముందు ఆ రెండు ల్యాబుల్లో ఏం చూశారో చూద్దాం. మలంలో కనిపించేది ఎక్కువగా జియార్డియా సిస్టు. అంటే గట్టి పైపొర చుట్టుకుని బయటికొచ్చే దశ. కోలగా, 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. అయోడిన్ చుక్క వేస్తే లోపల నాలుగు కేంద్రకాల దాకా కనిపిస్తాయి. అది కడుపులోకి వెళ్ళాక పొర విప్పుకుని, చిన్నపేగు గోడకు అతుక్కునే రూపంలోకి మారుతుంది. అప్పుడు రెండు కేంద్రకాలు, ఈదడానికి కొరడాల్లాంటి ఎనిమిది పోగులు (కశాభాలు), ఒక పక్క అతుక్కోవడానికి పళ్ళెం లాంటి భాగం. ఇది పురుగు కాదు, ఒకే కణం ఉన్న జీవి. మీ పాప సిస్టునూ, దూడ సిస్టునూ, కుక్క సిస్టునూ ఒకే స్లైడు మీద పెట్టి ఏది ఎవరిదో చెప్పమంటే ఎంత అనుభవం ఉన్న టెక్నీషియనైనా చెప్పలేడు. అందుకే రెండు కాగితాల మీదా ఒకే పేరు వచ్చింది. రిపోర్టులో లాంబ్లియా అని ఉన్నా, ఇంటెస్టినాలిస్ అని ఉన్నా, డ్యుయోడెనాలిస్ అని ఉన్నా కంగారు పడకండి, మూడూ ఒకదాని పేర్లే.

ఈ జీవిని 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చివాడు తనకు విరేచనాలైనప్పుడు తన మలంలోనే చూశాడు. 1859లో లాంబ్ల్ అనే వైద్యుడు వివరంగా బొమ్మ గీసి రాశాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం శాస్త్రజ్ఞులకు ఉన్న ఆధారం చూపు ఒక్కటే. ఏ జంతువులో కనిపిస్తే ఆ జంతువు పేరు తగిలించి కొందరు పదుల కొద్దీ జాతులు చేశారు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా అని మరికొందరు అన్నిటినీ ఒక్క జాతిలో కలిపేశారు. జన్యువులు చదవడం వచ్చాక ఇద్దరి లెక్కా సరిపోలేదని తేలింది.

ఇప్పటి లెక్క ప్రకారం ఈ ఒక్క పేరు కింద ఎనిమిది జన్యు వర్గాలున్నాయి. వీటిని అసెంబ్లేజులంటారు: 'ఏ' నుంచి 'హెచ్' దాకా. 'ఏ', 'బీ' రెండూ మనుషుల్లోనూ, చాలా రకాల పాలిచ్చే జంతువుల్లోనూ ఉంటాయి. సీ, డీ కుక్కలవి, వాటి జాతి జంతువులవి. 'ఈ' వర్గం గిట్టలున్న పశువులది: ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, పందులు. ఎఫ్ పిల్లులది, జీ ఎలుకలది, హెచ్ సముద్రపు సీళ్ళది. మన వంశధారలో సీళ్ళు లేవు కాబట్టి చివరిదాన్ని వదిలేయొచ్చు.

వీటి మధ్య తేడా ఏదో కొద్దిపాటిది అనుకోకండి. 'ఏ' వర్గం జన్యుపటం 2007లో, బీ వర్గానిది 2009లో, పంది నుంచి తీసిన 'ఈ' వర్గానిది 2010లో వచ్చాయి. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులను పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏ, బీల మధ్య కలిసే అక్షరాలు 77 శాతం దగ్గరే ఆగిపోయాయి. మనిషికీ చిట్టెలుకకీ ఇదే లెక్క వేస్తే సుమారు 85 శాతం వస్తుంది. అంటే మనుషులకొచ్చే ఈ రెండు జియార్డియాల మధ్య దూరం మనకూ ఎలుకకూ ఉన్నదానికంటే ఎక్కువ. పశువుల 'ఈ' వర్గం మాత్రం 'ఏ' వర్గానికి చాలా దగ్గర, 90 శాతం దాకా కలుస్తుంది. వీటికి విడివిడిగా జాతి పేర్లు ఇవ్వాలని, కుక్కలవాటిని జియార్డియా కానిస్ అని, పశువులదాన్ని జియార్డియా బోవిస్ అని పిలవాలని ప్రతిపాదన ఉంది. నా మటుకు అదే సబబనిపిస్తుంది. అలా పిలిచుంటే రెండు రిపోర్టుల మీద రెండు పేర్లుండేవి, మీ అత్తగారికి దూడ మీద అనుమానమే వచ్చేది కాదు.

ఇక మీ ఇంటికొద్దాం. రెండు నెలల దూడ పేడలో జియార్డియా దొరికితే అది 'ఈ' వర్గం అయ్యుండే అవకాశమే చాలా ఎక్కువ. దూడల్లో 'ఏ' వర్గం కూడా దొరుకుతుంది, కానీ తక్కువ. కుక్కలో ఉంటే సీ గానీ డీ గానీ కావచ్చు. పాపలో ఉన్నది 'బీ' కావచ్చు, లేదా 'ఏ' కావచ్చు. వెల్లూరులో పిల్లల మలాన్ని జన్యుపరంగా పరీక్షించినప్పుడు ఎక్కువగా బీ వర్గమే వచ్చింది. ప్రపంచంలో చాలా చోట్ల మనుషుల్లో దీనిదే పైచేయి. 'ఏ' వర్గంలోనూ ఉపవర్గాలున్నాయి: ఏ-ఒకటి ఎక్కువగా జంతువుల్లో, ఏ-రెండు ఎక్కువగా మనుషుల్లో దొరుకుతాయి. కాబట్టి పాపకు ఇది దూడ దగ్గర్నుంచి కాక మరో మనిషి దగ్గర్నుంచి వచ్చిందనుకోవడమే సబబు. నేరుగా చేతుల ద్వారా వచ్చి ఉండొచ్చు, నీళ్ళ ద్వారానూ వచ్చి ఉండొచ్చు.

అలాగని పశువుల నుంచి అసలు రాదని నేను అనను. ఈజిప్టు, ఆస్ట్రేలియా, బ్రెజిల్ దేశాల్లో మనుషుల్లో 'ఈ' వర్గం దొరికింది. మన దేశంలోనే అస్సాం తేయాకు తోటల్లో కూలీల ఇళ్ళల్లో చేసి 2004లో ప్రచురించిన పని ఒకటుంది. అక్కడి కుక్కల్లో కుక్కల వర్గమే కాకుండా మనుషుల ఏ, బీ వర్గాలూ దొరికాయి. జియార్డియా ఉన్న కుక్క ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనుషుల్లోనూ జియార్డియా ఎక్కువగా కనిపించింది. ఊళ్ళలో కుక్కలు ఏం తింటాయో మనకు తెలియంది కాదు. చెరువు గట్టు మీద, పొలం గట్టు మీద మనుషుల మలం దొరికితే వదలవు. అలా తిన్న కుక్క పేగులో జియార్డియా నిజంగా పెరుగుతూ ఉండొచ్చు, లేదా మింగిన సిస్టు చెక్కుచెదరకుండా ఆ చివర బయటికొచ్చి ఉండొచ్చు. కుక్క మలంలో మనుషుల వర్గం దొరికిందంటే దానికి రోగం ఉన్నట్టా, లేక మన మురికినే మోసుకొస్తున్నట్టా అనేది ఒక్క పరీక్షతో తేలదు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఉగాండాలోని బ్విండి అడవిలో మనుషులకు అలవాటుపడిన కొండ గొరిల్లాల్లో 'ఏ' వర్గం దొరికింది. చుట్టుపక్కల మనుషుల్లోనూ, పశువుల్లోనూ అదే. ఆ పరిశోధకుల అనుమానం గొరిల్లాల మీద కాదు, మనుషుల మీదే. రేపు మీ దూడలో 'ఏ' వర్గం తేలినా, గెడ్డలో నీళ్ళు తాగి మన నుంచే తెచ్చుకుందేమో అని నేను ముందు అడుగుతాను.

పరీక్షకు కూడా కొన్ని ఇబ్బందులున్నాయి. వర్గం తేల్చడానికి మామూలుగా నాలుగు జన్యువులను చూస్తారు: రైబోజోమ్‌కు సంబంధించినది ఒకటి, బీటా గియార్డిన్, గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్, ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్. మొదటిది మార్పులు తక్కువ ఉన్న జన్యువు, ప్రతులు ఎక్కువ, కాబట్టి కొద్ది సిస్టులున్నా దొరుకుతుంది. కానీ వర్గాన్ని మించి లోతుగా చెప్పదు. మిగతా మూడూ లోతుగా చెబుతాయి గానీ కొన్నిసార్లు ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. ఒక జన్యువు 'ఏ' అంటే ఇంకొకటి 'బీ' అంటుంది. రెండు వర్గాలూ ఒకే కడుపులో ఉండటం వల్ల కావచ్చు, మనలాంటి చోట్ల అది మామూలే. లేదా ఈ జీవి స్వభావమే కారణం కావచ్చు. దీని ఒక్కో కేంద్రకంలో జన్యుపటం రెండు ప్రతుల్లో ఉంటుంది, కాబట్టి పేగులో ఉండే దశలో మొత్తం నాలుగు ప్రతులు. 'ఏ' వర్గంలో ఆ నాలుగూ దాదాపు అచ్చు ఒకేలా ఉంటాయి, బీ వర్గంలో వాటి మధ్య తేడాలు ఎక్కువ. ఆడా మగా కలయిక ఏదీ ఎవరి కంటా పడకపోయినా నాలుగు ప్రతులూ విడిపోకుండా ఎలా ఉంటున్నాయన్నది చాలాకాలం పజిల్. 2008లో ఒక సంగతి తెలిసింది: సిస్టు లోపల కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి జన్యు పదార్థం ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే ఒక్క జన్యువు చూసి ఇది ఫలానా ఇంటి దూడ నుంచి వచ్చిందని చెప్పే కాగితాన్ని నేను నమ్మను. మూడు నాలుగు జన్యువులు చూసి, పాపలోనూ దూడలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే వరుస వచ్చిందంటే అప్పుడు ఆలోచిస్తాను.

అయితే ఆ పరీక్ష చేయించాలా? అవసరం లేదు. మామూలు ల్యాబుల్లో చేయరు, పరిశోధన కోసమే చేస్తారు. దానివల్ల పాపకిచ్చే మందు మారదు, దూడకిచ్చేదీ మారదు. ఎప్పుడైనా పరిశోధకులు ఊళ్ళోకి వచ్చి నమూనా అడిగితే మాత్రం ఫార్మలిన్‌లో వేసినది ఇవ్వకండి, అందులో జన్యు పదార్థం పాడైపోతుంది. ఆల్కహాల్‌లో గానీ, ఏమీ కలపకుండా చల్లగా ఉంచి గానీ ఇవ్వాలి. మామూలు పరీక్షకు కావలసింది ఇంకొకటి: సిస్టులు రోజూ పడవు. ఒకసారి చూసి లేవంటే నమ్మొద్దు. రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇవ్వండి.

మీకు అసలు కావలసింది, పాపకు ఎందుకు మళ్ళీ వచ్చిందన్నది. మందు పనిచేయలేదేమో అని మీ భయం. దీనికి మామూలుగా ఇచ్చే మెట్రోనిడజోల్‌కు లొంగని కేసులు ఉన్నాయి, అది నిజం. కానీ తగ్గి, రెండు నెలలు బాగుండి మళ్ళీ వచ్చిందంటే కొత్తగా అంటుకున్నదే అని నేననుకుంటాను. అంటుకోవడానికి ఎంత కావాలి? 1954లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీల మీద చేసిన ప్రయోగంలో పది సిస్టులతోనే సోకింది. జబ్బులో ఉన్నవాళ్ళ మలంలో రోజుకు కోట్ల కొద్దీ సిస్టులు పడతాయి. ఆ లెక్కన చేతి గోటి కింద మిగిలినది చాలు. పైగా ఈ జీవి ఒంటి మీద ఒక రకం ప్రోటీన్ కోటు తొడుక్కుని ఉంటుంది. అలాంటి కోటులు తయారుచేసే జన్యువులు దాని దగ్గర రెండు వందలకు పైగా ఉన్నాయి, ఒకసారి ఒక్కటే వేసుకుంటుంది. మన రోగనిరోధక శక్తి దాన్ని గుర్తుపట్టేలోగా ఇంకొకటి మారుస్తుంది. ఒకసారి వచ్చిన పిల్లకు మళ్ళీ రావడంలో వింతేమీ లేదు.

ఇంట్లో ఇంకెవరికి ఉందో చూశారా? మీరు అది రాయలేదు. ఈ జబ్బు ఉన్న చాలామందికి విరేచనాలే ఉండవు. పాప అన్నో, మీరో, వంట చేసే అత్తగారో ఏ లక్షణమూ లేకుండా సిస్టులు వదులుతూ ఉండొచ్చు. అంగన్‌వాడీలో పక్కన కూర్చునే పిల్లలు సరేసరి. నన్నడిగితే దూడ కంటే ముందు పరీక్ష చేయించాల్సింది ఇంటిల్లిపాదికీ. అత్తగారికి ఈ మాట ఎలా చెబుతారో నాకు తెలీదు, "డాక్టరుగారు అందరిదీ అడిగారు" అంటే సరిపోతుందేమో.

తర్వాత నీళ్ళు. ఎండాకాలం నదిలో చెలమ తీసుకుని బిందెలు నింపడం మన దగ్గర మామూలు. పైన గుణుపురం నుంచి కింద గొట్టా బ్యారేజీ దాకా అదే ఏటి ఒడ్డున మనుషులు చెంబుతో వెళ్ళడమూ, పశువుల్ని కడగడమూ జరుగుతూనే ఉంటాయి. చల్లని నీళ్ళల్లో సిస్టు రెండు మూడు నెలలు బతుకుతుంది. ఇసుక వడకట్టింది కదా అని ధైర్యపడొద్దు, చీరకొంగు మడతతో వడకట్టినా ఆగదు. నూతిలో బ్లీచింగ్ వేశాం కదా అంటారు. మామూలు మోతాదు క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చినంత సులువుగా ఇది చావదు, ఎక్కువసేపు ఉండాలి. నీళ్ళను తెర్లేదాకా మరిగించి ఒక్క నిమిషం ఉంచితే చచ్చిపోతుంది. అంతకు మించి కట్టెలు తగలేయాల్సిన పని లేదు. ఒక మైక్రాన్ లోపు రంధ్రాలున్న ఫిల్టరైనా సరే. పాప తాగే నీళ్ళే కాదు, పళ్ళు తోముకునేవీ, చద్దన్నంలో పోసేవీ అవే కావాలి.

పూరీ జిల్లా పల్లెల్లో చేసిన పని ఒకటి 2015లో వచ్చింది. అందులో మనుషులు, పశువులు, ఊరి నీటి వనరులు మూడింట్లోనూ జియార్డియా, దానిలాగే విరేచనాలు తెచ్చే మరో పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం దొరికాయి. అదే జిల్లాలో నూరు గ్రామాల్లో మరుగుదొడ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2014లో ప్రచురితమైంది. మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా పిల్లల విరేచనాలు తగ్గలేదు. దొడ్డి కట్టినంత మాత్రాన అందరూ వాడరు, పసిపిల్లల మలం పెరట్లోనే పడుతుంది. పసిపిల్లలది "ఏం చేస్తుందిలే" అనుకుంటాం గానీ సిస్టులు ఎక్కువగా ఉండేది వాళ్ళలోనే.

ఇంకో సంగతి. మందు అయిపోయాక పాల వల్లే కడుపు ఉబ్బుతోందేమో గమనించండి. జియార్డియా పేగు పైపొరను దెబ్బతీసినప్పుడు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తగ్గుతుంది, కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో పాలు పడితే విరేచనం, దాంతో జబ్బు తగ్గలేదని మళ్ళీ అదే మందు. ఇలా తిరిగే కుటుంబాలు చాలా ఉన్నాయి. పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ, చోడి అంబలి ఇచ్చి చూడండి. పాప బరువు గురించి మీ దిగులు అర్థం లేనిదేమీ కాదు. కోల్‌కతా కూడా ఒక కేంద్రంగా ఆసియా, ఆఫ్రికాల్లో జరిగిన గెమ్స్ అధ్యయనంలో తీవ్రమైన విరేచనాలున్న పిల్లల కంటే లేని పిల్లల్లోనే జియార్డియా ఎక్కువగా దొరికి అందరూ ఆశ్చర్యపోయారు. కానీ వెల్లూరు కూడా ఉన్న మాల్-ఎడ్ అధ్యయనంలో, ఆరు నెలల లోపే సోకి వదలకుండా ఉన్న పిల్లలు రెండేళ్ళకు పొడుగు తక్కువగా ఉన్నారు. విరేచనం లేదు కదా అని దీన్ని వదిలేయకూడదని నేననేది అందుకే. అలాగని సిస్టు కనిపించిన ప్రతివాళ్ళకూ మందు పోయాలనీ కాదు, మీ పాపకు లక్షణాలున్నాయి కాబట్టి కచ్చితంగా కావాలి.

దూడ సంగతి. పారుకుంటోంది కాబట్టి వైద్యం చేయించండి. ఫెన్‌బెండజోల్ మూడు రోజులు వరసగా ఇస్తే సాధారణంగా తగ్గుతుంది, మోతాదు మీ పశువుల డాక్టరుగారు బరువు చూసి చెబుతారు. శాలలో తడి ఉన్నంతకాలం మళ్ళీ వస్తుంది. ఎండిపోతే సిస్టు చస్తుంది, కాబట్టి నేల గీకి, గత్తం దూరంగా గోతిలో వేసి, శాలకు ఎండ తగలనివ్వండి. నిజంగా జాగ్రత్త పడాల్సింది నెల లోపు దూడ పారుకున్నప్పుడు. అందులో ఎక్కువగా ఉండేది క్రిప్టోస్పోరిడియం పార్వమ్, దానికి మనుషులకు అంటుకునే గుణం ఖాయంగా ఉంది, క్లోరిన్‌కు అసలు లొంగదు, మామూలు మోషన్ టెస్ట్‌లో కనబడదు. ప్రత్యేకమైన రంగు వేసి చూడమని అడగాలి. ఈసారి ఆవు ఈనినప్పుడు పాపను ఆ దూడ దగ్గరికి నెలరోజులు పంపకండి. కుక్క విషయంలో నా భయం జియార్డియా కాదు, కొంకి పురుగు. అన్సైలోస్టోమా సిలానికమ్ అనే రకం కుక్కల్లో పెరిగి, చెప్పుల్లేని కాళ్ళ ద్వారా మనిషిలోకి ఎక్కి పేగులో స్థిరపడుతుంది, మన ఆసియాలో మనుషుల్లో బాగా కనిపించే రకం. కుక్కకు నులిపురుగుల మందు వేయించండి, పాపకు చెప్పులు కొనండి.

ఇవన్నీ చేశాక కూడా మూడు నమూనాల్లో సిస్టులు కనిపిస్తే అదే మందు మళ్ళీ అదే మోతాదులో కొనుక్కోకండి. టినిడజోల్, నిటాజోక్సనైడ్, ఆల్బెండజోల్ లాంటి వేరే దారులున్నాయి, వయసునూ బరువునూ బట్టి పిల్లల డాక్టరు ఎంచుకుంటారు. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఇంట్లో మిగతావాళ్ళ రిపోర్టులు కూడా పట్టుకెళ్ళండి. పాపకు రక్తం పడినా, జ్వరం వచ్చినా, కళ్ళు లోతుకు పోయి ఉచ్చ తగ్గినా ఇదేదీ చూసుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.